చెరువు పక్కన ఇల్లు, స్థలం: ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పాటైన నాటి నుంచి హైదరాబాద్‌లో స్థలం కొనేవారు, ఇల్లు కట్టుకున్నవారు ఒకరినొకరు అడుగుతున్న ప్రశ్నలివి. జవాబులు ప్రధానంగా హైదరాబాద్, దాని చుట్టుపక్కల ప్రాంతాలకు వర్తిస్తాయి. కొల్లేరు సంగతి వేరు కాబట్టి దాని గురించి విడిగా చెప్పాం.

ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటి? ఆ గీతను ఎలా గీస్తారు?

చెరువు పూర్తిగా నిండి, అలుగు (మిగులు నీరు పొర్లిపోయే చోటు) దూకడానికి సిద్ధంగా ఉన్నప్పుడు నీరు ఎంత మేర నిలుస్తుందో అదే ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నీటి మట్టం. అలుగు పైఅంచు ఎత్తును ప్రమాణంగా తీసుకుంటారు. చెరువు చుట్టూ నేల సరిగ్గా ఆ ఎత్తులో ఎక్కడెక్కడ ఉందో సర్వే పరికరాలతో గుర్తించి, ఆ బిందువులన్నిటినీ కలుపుతారు. కాబట్టి అది తిన్నటి గీత కాదు. నేల పల్లంగా ఉన్నచోట లోపలికి చొచ్చుకుపోతుంది, మెట్టగా ఉన్నచోట వెనక్కి తగ్గుతుంది.

కట్ట ఉన్న వైపు ఈ హద్దుపై పెద్దగా తగాదా ఉండదు, కట్టే హద్దు. గొడవంతా దానికి ఎదురుగా ఉండే ముంపు వైపునే. అక్కడ నేల చదును. నీరు ఒక్క అడుగు పెరిగితే ఒడ్డు ఎంతో దూరం వెనక్కి జరుగుతుంది. వేసవిలో అది క్రికెట్ ఆడుకునే మైదానంలా కనిపిస్తుంది. ప్లాట్లు వేసి అమ్మేదీ ఎక్కువగా అక్కడే.

బఫర్ జోన్ ఎంత దూరం?

బఫర్ అంటే నీటి హద్దు బయట కట్టడాలు లేకుండా వదలాల్సిన స్థలం. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం చెరువు విస్తీర్ణం 10 హెక్టార్లు, అంటే సుమారు 24.7 ఎకరాలు, లేదా అంతకంటే ఎక్కువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు బఫర్. అంతకంటే చిన్న చెరువులు, కుంటలు, శిఖం భూములకు (చెరువులో నీరు నిలిచే భూములకు) 9 మీటర్లు. వాగు, నాలా, కాలువ, వరదనీటి కాలువల వెడల్పు 10 మీటర్లు దాటితే వాటి హద్దు నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల లోపయితే 2 మీటర్లు. నదులకైతే పట్టణ పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు.

ఈ అంకెలు చూసి కొందరు తేలిగ్గా తీసుకుంటారు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న 200 గజాల ప్లాటును తీసుకోండి. 60 అడుగులంటే 18 మీటర్లకు కాస్త ఎక్కువ. ప్లాటు ఓ అంచు పెద్ద చెరువు ఎఫ్‌టీఎల్ గీతను ఆనుకుని ఉంటే 30 మీటర్ల బఫర్ ఆ ప్లాటును పూర్తిగా మింగేసి వెనక ప్లాటులోకీ వెళ్తుంది. చిన్న కుంట పక్కనైతే 9 మీటర్లు పోగా సగం ప్లాటే మిగులుతుంది. అందులో సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ ఉంచాల్సిన ఖాళీ, కూడా వదలాలి. బఫర్‌గా వదిలిన స్థలాన్ని సెట్‌బ్యాక్ కింద లెక్కించడానికి నిబంధనలు ఒప్పుకోవు.

మా స్థలంలో ఇరవై ఏళ్లుగా నీటి చుక్క చూడలేదు. అది చెరువు ఎలా అవుతుంది?

ఈ ప్రశ్న అడిగేవారి బాధ నిజమైనదే. కానీ నీరు రాకపోవడానికి ఎన్నో కారణాలుంటాయి. పై చెరువు నుంచి వచ్చే నాలాను ఎవరో మూసి ఉండవచ్చు. అలుగును పగలగొట్టి, లేదా ఎత్తు తగ్గించి నీరు నిలవకుండా చేసి ఉండవచ్చు. మట్టి, నిర్మాణ వ్యర్థాలు పోసి నేలను లేపి ఉండవచ్చు. వీటిలో ఏది జరిగినా చట్టం దృష్టిలో చెరువు చెరువే. అలుగు పగలగొట్టినవారి పని వల్ల హద్దు కుదించుకుపోదు.

అంబర్‌పేటలోని బతుకమ్మ కుంటను చూడండి. వ్యర్థాలతో పూడిపోయి, చెట్టూచేమా పెరిగి, అక్కడ కుంట ఉండేదన్న గుర్తు కూడా లేకుండా పోయింది. 2025లో హైడ్రా తవ్వించినప్పుడు నీరు ఊరింది. అదే ఏడాది సెప్టెంబరులో కుంటను ప్రజలకు తిరిగి అప్పగించారు.

మాది పట్టా భూమి. పట్టా ఉన్నా ఎఫ్‌టీఎల్‌లో కట్టకూడదా?

కట్టకూడదు. హైదరాబాద్ చెరువుల్లో శిఖం భూములు రెండు రకాలు: సర్కారు శిఖం, పట్టా శిఖం. పట్టా శిఖంపై రైతుకు యాజమాన్య హక్కు ఉంటుంది. నీరు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఇల్లు కట్టే హక్కు మాత్రం ఉండదు. భూమి ఎవరిదన్నది ఒక ప్రశ్న, ఆ భూమిలో ఏం చేయవచ్చన్నది మరో ప్రశ్న. దళారులు మొదటి ప్రశ్నకు జవాబు చూపించి రెండోదాన్ని దాటవేస్తారు. 'క్లియర్ టైటిల్' అన్న మాట విని సంతకం పెట్టిన కుటుంబాలే ఈ నష్టంలో ఎక్కువ.

రిజిస్ట్రేషన్ అయింది, ఇంటి అనుమతి ఉంది, బ్యాంకు రుణం ఇచ్చింది, ఆస్తి పన్ను కడుతున్నాం. ఇంకా భయం ఎందుకు?

ఈ నాలుగింటిలో ఏదీ మీ స్థలం చెరువు బయట ఉందని ధ్రువీకరించదు. ఒక్కొక్కటే చూద్దాం.

సబ్ రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తారు. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఉంటే ఆపుతారు. లేకపోతే ఎఫ్‌టీఎల్ పటం తెరిచి చూడడం ఆ కార్యాలయం పని కాదు. ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) పాత లావాదేవీలు కనిపిస్తాయి, నీటి గీత కనిపించదు.

ఇంటి అనుమతి సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. 2020 నవంబరులో మొదలైన టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ భవన అనుమతుల విధానంలో చిన్న నివాస భవనాలకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. 75 గజాల లోపు స్థలంలో ఇంటికైతే నమోదు చేసుకుంటే చాలు. సామాన్యుడికి ఇది పెద్ద ఊరటే. అయితే ఇందులో 'నా స్థలం చెరువు పరిధిలో లేదు' అని సంతకం పెడుతున్నది మీరే. రేపు అది తప్పని తేలితే అనుమతి రద్దవుతుంది, బాధ్యత మీ మీద పడుతుంది. గ్రామ పంచాయతీ కాలం నాటి లేఅవుట్లలో ఈ పరిశీలన చాలాచోట్ల అసలే జరగలేదు.

బ్యాంకు న్యాయవాది ప్రధానంగా చూసేది యాజమాన్య పత్రాల గొలుసును. ఇల్లు పోయినా రుణ వాయిదా ఆగదు. ఇక ఆస్తి పన్ను అంటారా, అక్రమ కట్టడానికి కూడా పన్ను వేసే అధికారం మున్సిపాలిటీకి ఉంది. పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదు.

ప్రభుత్వంలోని ఒక చేయి అనుమతి ఇచ్చి, మరో చేయి కూల్చడం అన్యాయమని నేనూ గట్టిగా నమ్ముతాను. అనుమతి ఇచ్చిన అధికారి మీద కూడా చర్య ఉండాలి. కానీ ఆ న్యాయం దొరికే వరకు ఇల్లు నిలవదు. కాబట్టి కొనేముందే మన జాగ్రత్తలో మనం ఉండాలి.

కొనేముందు ఏమేం చూడాలి?

ముందు పటాలు. చెరువులకు సంబంధించిన హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) వెబ్‌సైటులో చెరువుల వారీగా ఎఫ్‌టీఎల్ పటాలు, ప్రాథమిక నోటిఫికేషన్, తుది నోటిఫికేషన్ ఉంటాయి. మీ సర్వే నంబరు ఆ పటంలో ఎక్కడుందో వెతకండి. ప్రాథమిక నోటిఫికేషన్ మాత్రమే ఉంటే గీత ఇంకా మారే అవకాశం ఉందని గుర్తుంచుకోండి. తర్వాత తహసీల్దారు కార్యాలయంలో గ్రామ నక్షా (పటం), పాత పహాణీ (భూమి రికార్డు) నకళ్లు తీసుకోండి. పహాణీలో ఆ సర్వే నంబరుకు ఎదురుగా శిఖం, కుంట, తాలాబ్ అని ఉంటే అక్కడితో ఆగిపోండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను వెనక్కి తిప్పి చూసే వీలుంది. మంచి వానలు పడిన ఏడాది అక్టోబరు, నవంబరు చిత్రాలు చూడండి. వేసవి చిత్రాలు మోసం చేస్తాయి.

పటాలు చూశాక కాలినడకన తిరగండి. ఇది ఎవరూ చేయరు, అందుకే చెబుతున్నాను. వానాకాలం చివర్లో వెళ్లండి. పక్క ఇళ్ల ప్రహరీ గోడలను దగ్గరగా చూడండి. మోకాలి ఎత్తు వరకు సున్నం పొట్టు లేచి, దాని పైన ముదురు రంగు మరక అడ్డంగా ఒకే మట్టంలో నాలుగైదు ఇళ్ల గోడల మీద సాగుతూ ఉంటే అది నీరు నిలిచిన ఆనవాలు. పాత ఇళ్లకు మూడు మెట్లు, కొత్త ఇళ్లకు ఏడు మెట్లు ఉన్నాయంటే ఆ వీధివారికి వరద అనుభవమైందన్నమాట. ఖాళీ ప్లాటులో రెండడుగుల గొయ్యి తీయించండి. పైన ఎర్రమట్టి, ఇటుక ముక్కలు, వాటి కింద నల్లటి మెత్తని ఒండ్రు తగిలితే అది మట్టి పోసి లేపిన చెరువు గర్భం. గుర్రపుడెక్క ఎక్కడి దాకా పెరిగిందో చూడండి.

మనుషులను అడగండి. చెరువు కింద సాగు చేసిన పెద్దవాళ్లు, మత్స్య సహకార సంఘం సభ్యులు, బట్టలుతికే చాకిరేవు ఎక్కడుండేదో తెలిసినవారు, తూము తీసి నీళ్లు పారించిన నీరటి కుటుంబం ఇంకా ఆ ఊళ్లోనే ఉంటే వారు. 'అలుగు ఎక్కడ?' అని అడిగితే చాలు, చెరువు నిండినప్పుడు నీళ్లు ఎవరి పొలం దాకా వచ్చేవో కూడా చెబుతారు.

చివరగా రాతపూర్వక ఆధారం. నీటిపారుదల శాఖ నుంచి, రెవెన్యూ శాఖ నుంచి ఆ సర్వే నంబరు ఎఫ్‌టీఎల్, బఫర్ పరిధిలో ఉందో లేదో తెలిపే పత్రం అడగండి. జీవో 168 ప్రకారం ఎఫ్‌టీఎల్ కొలతను ధ్రువీకరించాల్సింది ఈ రెండు శాఖలే. అమ్మేవారు చూపించే పత్రం మీద ఆధారపడకుండా మీ పేరుతో దరఖాస్తు చేయండి. స్పందన లేకపోతే సమాచార హక్కు చట్టం కింద ఎఫ్‌టీఎల్ పటం అడగవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

మేం అమెరికాలో ఉంటున్నాం. ఫొటోలు, డ్రోన్ వీడియోలు చూసి కొనవచ్చా?

వద్దు. అమ్మేవారు తీసిన వీడియోలో చెరువు అందంగా కనిపిస్తుంది, గీత కనిపించదు. మీ తరఫున వెళ్లే బంధువు ఆ లావాదేవీలో కమీషన్ లేనివారై ఉండాలి. వారు పైన చెప్పినవన్నీ చూశాకే బయానా ఇవ్వండి.

చెరువు కనిపించే అపార్ట్‌మెంట్లు, విల్లాలు చట్టబద్ధమే కదా?

బఫర్ వదిలి, సరైన అనుమతితో కడితే చట్టబద్ధమే. బఫర్ స్థలాన్ని పచ్చదనానికి వదలాలి. వీలున్నచోట కనీసం 12 మీటర్ల రోడ్డుకు వాడుకోవచ్చు. క్లబ్‌హౌస్, ఈతకొలను, జనరేటర్ గది అందులో పెట్టకూడదు. బ్రోచరులో ఇవి చెరువు అంచునే ఉంటే ఆమోదిత ప్లాన్ తెప్పించి కొలతలు పోల్చండి.

మురుగు ఎటు పోతుందో తప్పక అడగండి. శుద్ధి ప్లాంటు కాగితం మీదే ఉండి, గొట్టం నేరుగా చెరువులోకి తెరుచుకుంటే ఆ 'వ్యూ' రెండేళ్లలో దుర్వాసనగా మారుతుంది, ఫ్లాటు ధర కూడా దాంతోపాటే పడిపోతుంది.

మేం ఇప్పటికే ఎఫ్‌టీఎల్ లేదా బఫర్‌లో ఉంటున్నాం. ఇల్లు కూలుస్తారా?

కుటుంబాలు నివసిస్తున్న పాత ఇళ్ల జోలికి వెళ్లబోమని, కొత్త ఆక్రమణలు, నిర్మాణంలో ఉన్నవాటిపైనే దృష్టి పెడతామని హైడ్రా అధికారులు 2024లో ప్రకటించారు. అది ప్రకటన మాత్రమే, మీ ఇంటికి చట్టపరమైన హక్కు కాదు.

కూల్చివేతలపై 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి చాలామంది సగమే విన్నారు. ముందస్తు నోటీసు, కనీసం 15 రోజుల గడువు, వాదన వినడం తప్పనిసరి అని కోర్టు చెప్పిన మాట నిజం. అయితే అదే తీర్పులో రోడ్లు, కాలిబాటలు, రైలు పట్టాల పక్క స్థలాలు, నదులు, జలవనరుల్లోని అనధికార కట్టడాలకు ఈ మార్గదర్శకాలు వర్తించవని కూడా ఉంది. కాబట్టి ఆ తీర్పు ఉందని ధీమాగా కూర్చోకండి. నోటీసు వస్తే అదే రోజు న్యాయవాదిని కలవండి. దస్తావేజు, అనుమతి, పన్ను రసీదులు, పాత కరెంటు బిల్లులు, ఫొటోలు తేదీల వారీగా ఒకచోట పెట్టుకోండి. నోటీసు అందిన తేదీ రాసుకోండి.

అలాంటి ఇంటి మీద మరో అంతస్తు వేయవచ్చా? అమ్మవచ్చా?

కొత్త అంతస్తుకు అనుమతి రాదు. రాకుండా వేస్తే, పాతకాలపు ఇల్లు అన్న వాదన కూడా బలహీనపడుతుంది. అమ్మడాన్ని సాధారణంగా ఎవరూ ఆపరు. కానీ తెలిసిన లోపాన్ని దాచి అమ్మితే ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ కింద మీరు బాధ్యులవుతారు. ఇంకో కుటుంబం మీదికి నష్టాన్ని తోయకండి.

గీత తప్పుగా గీశారని మా నమ్మకం. ఏం చేయాలి?

తప్పులు జరుగుతాయి. పాత టోపోషీటు (నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే పటం) ఒకటి చెబితే, గ్రామ నక్షా మరొకటి చెబుతుంది, క్షేత్రంలో నేల మూడోది చెబుతుంది. ప్రాథమిక నోటిఫికేషన్ దశలో అభ్యంతరాలు స్వీకరిస్తారు. అందులో చెప్పిన గడువులోపే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. 'మాకు అన్యాయం జరిగింది' అని రాస్తే ఫలితం ఉండదు. అలుగు మట్టం ఎంత, మీ ప్లాటు నేలమట్టం ఎంత అన్నది లైసెన్సు ఉన్న సర్వేయరుతో కొలిపించి జతచేయండి. మీ నేల సహజంగానే అలుగు కంటే ఎత్తులో ఉందని చూపగలిగితే అది బలమైన వాదన. మట్టి పోసి లేపిన ఎత్తయితే నిలవదు. తుది నోటిఫికేషన్ వెలువడితే మిగిలేది హైకోర్టే.

అన్ని చెరువులకూ తుది నోటిఫికేషన్ ఇచ్చి, రాళ్లు పాతి, పటాన్ని రిజిస్ట్రేషన్ వ్యవస్థకు అనుసంధానిస్తే ఈ కష్టాల్లో సగం ఉండేవి కావు. ఈ పనిని ఏళ్ల తరబడి సాగదీసి, భారమంతా కొనుగోలుదారు మీద వేయడం తప్పు.

నష్టపరిహారం వస్తుందా?

ప్రభుత్వం నుంచి ఆశించడం కష్టం. బిల్డరు దగ్గర కొన్నవారికి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టంలో దారి ఉంది. భూమి టైటిల్ లోపం వల్ల నష్టపోతే 18(2) సెక్షన్ కింద పరిహారం కోరవచ్చు, దానికి కాలపరిమితి అడ్డు రాదు. బ్రోచరులో తప్పుడు సమాచారం ఇచ్చి ఉంటే 12వ సెక్షన్ ఉంది. అందుకే బ్రోచరు, ప్రకటన, వాట్సాప్ సందేశాలు పారేయకండి. కట్టడం లేని పట్టా భూమిని చెరువు కోసం అప్పగించేవారికి, అభివృద్ధి హక్కుల బదిలీ పత్రం, అంటే టీడీఆర్, తీసుకునే మార్గం ఉంది.

ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) కింద రుసుము కడితే సరిపోతుందా?

లేదు. చెరువు ఎఫ్‌టీఎల్‌లో, నాలా గర్భంలో ఉన్న ప్లాట్లకు 2020 నాటి ఎల్ఆర్ఎస్ వర్తించదు.

జీవో 111 ఎత్తేశారు కదా, గండిపేట చుట్టూ ఇక కట్టుకోవచ్చా?

నిర్మాణాలపై ఆంక్షలు పెడుతూ 1996లో వచ్చిన జీవో 111 ఉస్మాన్ సాగర్ (గండిపేట), హిమాయత్ సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలకు వర్తించింది. 2022లో జీవో 69తో ప్రభుత్వం ఆంక్షలు సడలించింది. అది వేరు, ఎఫ్‌టీఎల్ వేరు. 111 ఉన్నా లేకున్నా జలాశయం ఎఫ్‌టీఎల్, బఫర్ నిబంధనలు అలాగే ఉంటాయి. అక్కడ కొనాలనుకుంటే ఆ సర్వే నంబరుకు ఇవాళ ఏ నిర్మాణం అనుమతిస్తారో హెచ్ఎండీఏ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

కేంద్ర చిత్తడి నేలల నియమాలు మన చెరువులకు వర్తిస్తాయా?

2017 నియమాల్లో సాగునీటి కోసం, తాగునీటి కోసం ప్రత్యేకంగా కట్టిన జలవనరులను నిర్వచనం నుంచి మినహాయించారు. మన చెరువుల్లో ఎక్కువ సాగు కోసం తవ్వినవే కాబట్టి వాటికి రక్షణ ప్రధానంగా రాష్ట్ర నిబంధనల నుంచే వస్తోంది. ఈ మినహాయింపు దక్కన్ గొలుసుకట్టు చెరువులకు అన్యాయం చేసిందని నా అభిప్రాయం. మనిషి తవ్విందైనా, వందల ఏళ్లుగా పక్షులకు, చేపలకు, భూగర్భజలానికి అదే ఆధారం.

కొల్లేరులో '+5 కాంటూరు' అంటే ఏమిటి? అక్కడి ఇళ్ల సంగతేమిటి?

కొల్లేరు సహజ సరస్సు. అక్కడ అలుగు ఎత్తు కాకుండా సముద్రమట్టం నుంచి అడుగుల్లో లెక్కించే కాంటూరు (ఒకే ఎత్తులోని బిందువులను కలిపే) గీతే హద్దు. 1999లో జీవో 120 ద్వారా +5 కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు కమిటీ సిఫార్సులపై చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తెంచారు. ఆ పరిధిలో జిరాయితీ (ప్రైవేటు పట్టా) భూములూ ఉన్నాయి, తరతరాలుగా బతుకుతున్న గ్రామాలూ ఉన్నాయి. హద్దును +3కు తగ్గించాలని 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. అక్కడ భూమి కొనేవారు మున్సిపల్ నిబంధనలు చూస్తే చాలదు, వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అటవీశాఖ దగ్గర ఆరా తీయకుండా లీజుకు కూడా తీసుకోవద్దు.

ఇన్ని ఆంక్షలుంటే ఊరు ఎలా పెరుగుతుంది?

2020 అక్టోబరులో ఏం జరిగిందో పాతబస్తీవారిని అడగాలి. బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ ఇళ్లలోకి నీరు రాత్రివేళ దూసుకొచ్చింది. బియ్యం, పుస్తకాలు, పెళ్లి కోసం దాచిన సామాన్లు బురదలో కలిసిపోయాయి. మునిగినవారిలో అత్యధికులు చెరువును ఆక్రమించినవారు కాదు, దిగువన ఎఫ్‌టీఎల్ బయట ఉంటున్నవారు. పైన ఒకరు నీటి చోటు తీసుకుంటే కింద ఇంకొకరి వంటగదిలోకి నీరు వస్తుంది. 1908 మూసీ వరద తర్వాత ఈ నగరం రెండు జలాశయాలు కట్టుకుంది వరదనీరు నిలవడానికి చోటు ఉండాలనే. బఫర్ వల్ల కొన్ని ప్లాట్లు తగ్గుతాయి, నిజమే. ఆ తగ్గింపును భూమి ధరలో ముందే లెక్కేసుకోవాల్సింది బిల్డరు.

మా పక్క చెరువులో రాత్రిళ్లు మట్టి పోస్తున్నారు. ఎవరికి చెప్పాలి?

ఔటర్ రింగు రోడ్డు లోపలైతే హైడ్రాకు, బయటైతే తహసీల్దారుకు, నీటిపారుదల శాఖ ఇంజినీరుకు ఫిర్యాదు చేయండి. తేదీ, సమయం, లొకేషన్ కనిపించేలా ఫొటోలు తీయండి. టిప్పర్ నంబరు రాసుకోండి. డ్రైవర్లతో ఒంటరిగా గొడవకు దిగకండి. ఒక్కరి పేరుతో కాకుండా కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద, నలుగురి సంతకాలతో ఇవ్వండి. మట్టి పోసిన మొదటి వారంలో తీయించడం సులువు, ప్రహరీ లేచాక కష్టం, కుటుంబాలు దిగాక దాదాపు అసాధ్యం. కాబట్టి మొదటి టిప్పర్ కనిపించిన రోజే చెప్పండి.